డిశ్చార్జి రోజు బిల్లుతో లెక్క తేలదు

సంపాదకులకు,

నెలసరిలో విపరీతంగా రక్తస్రావమయ్యేవారికి చేసే ఆపరేషన్ల ఖర్చుల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. గర్భసంచి తీసేయడం కంటే దాని లోపలి పొరను వేడితో మాడ్చే అబ్లేషన్ చవక అని తేల్చేశారు. డిశ్చార్జి రోజు బిల్లు చూస్తే నిజమే. అబ్లేషన్‌కు సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. గర్భసంచి తీస్తే కోలుకోవడానికి వారాలు పడుతుంది. కానీ లెక్క అక్కడితో ఆపేస్తే ఎలా?

నేను 40 ఏళ్లకు అబ్లేషన్ చేయించుకున్నాను. అంతకుముందు నెలకు నాలుగైదు రాత్రులు ప్యాడ్ మార్చుకోవడానికి రెండు గంటలకోసారి అలారం పెట్టుకునేదాన్ని. పక్క మీద పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి పరుచుకునేదాన్ని. ఆపరేషన్ తర్వాత మూడేళ్లు హాయిగా గడిచాయి. నాలుగో ఏట ఆ తువ్వాలు మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది. ఆఖరికి గర్భసంచి తీయించుకోక తప్పలేదు. రెండు బిల్లులు, రెండుసార్లు మత్తు, రెండుసార్లు సెలవు. మీ వ్యాసం ప్రకారం నేను చవక దారిలో వెళ్లినట్టే!

మాడ్చిన పొర కొందరిలో మళ్లీ పెరుగుతుంది. 48 ఏళ్లకు చేయించుకుంటే ఈలోగా మెనోపాజే వచ్చేయొచ్చు. 40కి చేయించుకుంటే ఇంకా దాదాపు పదేళ్లు నెగ్గుకురావాలి. అందుకే వయసు చెప్పకుండా ఏది చవకో చెప్పలేం.

ఆర్థికవేత్తలు ఇలాంటివాటిని క్వాలీలతో కొలుస్తారు. పూర్తి ఆరోగ్యంతో గడిచిన ఒక ఏడాది ఒక క్వాలీ. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ అలా లెక్కగట్టి, ఖర్చు ఎక్కువైనా దక్కే ఆరోగ్యాన్ని బట్టి గర్భసంచి తొలగింపే మెరుగని తేల్చింది. అలాగని అందరూ అదే చేయించుకోవాలని నేను అనను. అది పెద్ద ఆపరేషన్, మూత్రాశయానికి గాయమయ్యే ప్రమాదం ఉంది, అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కాస్త ముందే రావచ్చు. గర్భసంచి పోయిందన్న దిగులు కొందరికి ఉంటుంది, దాన్ని ఏ క్వాలీలో వేస్తారో నాకు తెలీదు.

ఇంతకీ మీ పట్టికలో హార్మోన్ లూప్ ఊసే లేదు. గర్భసంచిలో అమర్చే చిన్న పరికరం అది, కొద్దికొద్దిగా హార్మోన్ వదులుతూ రక్తస్రావం తగ్గిస్తుంది. అది ఆపరేషన్ కాదు కాబట్టి వదిలేశారేమో. కానీ పెద్ద గడ్డల్లాంటివి లేనప్పుడు కత్తి దాకా వెళ్లకముందు చూడాల్సింది దాన్నే. ఒకసారి వేస్తే ఐదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు. ఈసారి పట్టిక వేసినప్పుడు దానికీ ఒక వరస ఇవ్వండి, పక్కన పదేళ్ల ఖర్చు కూడా వేయండి. అబ్లేషన్‌కు ముందు నాకు ఆ లూప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

– ఒక పాఠకురాలు