స్లైడ్ మాస్టారి సన్మానం

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

ఒరేయ్ మావా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యమైందని కోప్పడకు. ల్యాబ్‌లో ఒకరు లాంగ్ లీవ్ పెట్టారు, ఆ డ్యూటీ కూడా నా మీదే పడింది. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. నాన్న పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తున్నారు. చెల్లికి విజయనగరం ట్రాన్స్‌ఫర్ అయింది. ఉక్కపోత మామూలే. ఇవన్నీ పక్కన పెట్టు. నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టని సంగతి ఒకటుంది.

మన స్లైడ్ మాస్టారికి సన్మానం జరిగిందిరా!

అవును, ఆయనే. "ముందు చూడు, తర్వాత మాట్లాడు" మాస్టారే. ఎనభై దాటాయి, చెవులు కాస్త మందగించాయి, గొంతు మాత్రం ఇప్పటికీ వెనక బెంచీ దాకా వినిపిస్తుంది. నీ గురించి అడిగారు. "ఆ తెల్లచొక్కా కుర్రాడు ఎక్కడున్నాడు?" అన్నారు. చొక్కా మీద చిల్లులు కూడా గుర్తున్నాయట. ఇంతకంటే నేనేం చెప్పను!

పాత విద్యార్థులంతా కలిసి ఈ కార్యక్రమం పెట్టుకున్నారు. సన్మాన పత్రం రాసే పని నాకు అప్పజెప్పి, ఆయన బయోడేటా చేతికిచ్చారు. ఏ ఏడాది ఏ ఉద్యోగం, ఎక్కడికి బదిలీ, ఏ కమిటీలో సభ్యత్వం, ఎప్పుడు రిటైర్మెంట్... అన్నీ ఉన్నాయి. మనిషి ఏం చేశాడన్నది మాత్రం అందులో ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. సరాసరి పెదవాల్తేరు వెళ్లి ఆయన ముందే కూర్చున్నాను. "ఉద్యోగాలు కాదండీ, పని చెప్పండి" అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టారు. కాఫీ చల్లారిపోయింది, చీకటి పడింది, ఆయన ఆపలేదు. నేను లేవలేదు.

మన క్లాసులో ఆయన ఫైలేరియా, అంటే బోదకాలు, చెబితే పరీక్ష కోసం రాసుకున్నాం గానీ, ఆయన ఆ సర్వే రాత్రుళ్లు ఎలా గడిపారో ఎప్పుడూ చెప్పలేదు కదా. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. దోమలు కుట్టే వేళకి, అంటే రాత్రి, ఒంట్లో పైపై రక్తంలోకి వస్తాయి. కాబట్టి సర్వే అంటే రాత్రే. ఊళ్లో భోజనాలయ్యాక భీమిలి వైపు జీపులో దిగేవారట. పెట్రోమాక్స్ లైటు, స్పిరిట్ సీసా, సూదులు, స్లైడ్ల పెట్టె. వేలి కొస పొడిచి 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తం తీసి, స్లైడ్ మీద మందంగా పరిచి ఆరబెట్టాలి. తర్వాత నీళ్లలో పెట్టి ఎరుపంతా వదిలించి, పురుగు పిల్లలు కనపడేలా జేఎస్‌బీ అనే రంగు వేసి, మైక్రోస్కోపు కింద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూడాలి. ఆరబెట్టిన స్లైడ్లకి పెద్ద శత్రువు ఎవరో తెలుసా? చీమలు, బొద్దింకలు. రక్తం మరక మొత్తం తినేసి పోతాయి. అందుకని మకాం చేసిన బడిలో బల్ల కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టి, వంతులవారీగా ఒకరు కాపలా పడుకునేవారట. ఆ వంతుల్లో ఆయన పేరూ ఉండేదట, ఆఫీసరు కదా అని తప్పించుకోలేదు.

ఒక ఊళ్లో నెత్తురు తీసుకుపోయేవాళ్లొచ్చారని తలుపులు వేసేసుకున్నారట. ఈయన ఒక పెద్దాయన్ని బతిమాలి, వేలి నుంచి తాజా చుక్క తీసి, రంగూ గింగూ లేకుండా మైక్రోస్కోపు కింద పెట్టి చూడమన్నారు. ఆ చుక్కలో ఎర్ర కణాల్ని అటూ ఇటూ తోసుకుంటూ పురుగు పిల్ల ఒకటి మెలికలు తిరుగుతోంది. పెద్దాయన చాలాసేపు కన్ను తియ్యలేదట. "ఇది నాలోదేనా?" అని, వీధిలోకి వెళ్లి అందర్నీ పేరుపేరునా పిలుచుకొచ్చాడట. మావా, ఆ పెద్దాయనకి కాలు వాపు లేదు, జ్వరం లేదు, చూడ్డానికి నిక్షేపంలా ఉన్నాడు. మాస్టారు ఏళ్ల తరబడి పోగుచేసిన లెక్కలన్నీ ఇలాంటివాళ్ల గురించే. చాలావరకు ఏ బాధా లేనివాడి రక్తంలోనే పురుగు పిల్లలుంటాయి, దోమ వాడి దగ్గర్నించి పక్కింటికి మోసుకెళ్తుంది, అందుకే మాత్ర కాలు వాచినవాడికే కాదు, ఊరంతటికీ వెయ్యాలి.

ఇదంతా రాసుకుని లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "నేను స్లైడ్లు చూశాను. ఆ మాత్ర ఎవరిదో ముందు రాయి" అన్నారు.

బోదకాలు పురుగు పిల్లల్ని చంపే డీఈసీ మాత్ర. యల్లాప్రగడ సుబ్బారావు గారిది. పేరు మనకి కొత్త కాదు, ఫిస్కే-సుబ్బారో పద్ధతితో ఫాస్ఫరస్ కొలిచీ కొలిచీ కదా నీ చొక్కా ఆ గతి పట్టింది! 1925 నాటి పద్ధతి అది. కానీ మాస్టారి నోట ఆ జీవితం మొత్తం ఒక్క బిగిన విన్నాక నాకు అదోలా అయిపోయింది. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకి కోపమొచ్చింది, ఎంబీబీఎస్ ఇవ్వకుండా అంతకంటే చిన్నదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తర్వాత హార్వర్డ్‌లో చదవడానికి అమెరికాలోని బోస్టన్ చేరారు.  అక్కడ చదువుకుంటూనే పొట్టకూటి కోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ బయటపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. అయినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. ఆయన చేసిన కొంత పనిని, ఆయనతో కలిసి పనిచేసిన ఆ ఫిస్కేనే వెలుగు చూడనివ్వలేదని, వేరేవాళ్లు దాన్ని మళ్లీ కొత్తగా కనిపెట్టాల్సి వచ్చిందని తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లాకే ఆయన చేతికి పెద్ద ల్యాబ్, మనుషులు వచ్చారు. చివరి ఎనిమిదేళ్లలో వచ్చినవి చూడు. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారీ. బోదకాలుకి డీఈసీ. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్. ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే అమినోప్టెరిన్. రక్త క్యాన్సర్ పిల్లలకి ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు ఇంకా ముదురుతోందని డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కి అనుమానమొచ్చింది. అలాగైతే దానికి అడ్డుపడే మందు ఇస్తే? సుబ్బారావు గారి బృందం ఆ మందు తయారుచేసి ఇచ్చింది. 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి గుణం కనిపించింది. కొంతకాలమే నిలిచింది, కానీ అప్పటిదాకా ఆ జబ్బుకి ఆ మాత్రం చేసిన మందే లేదు. 1948 జూన్‌లో ఆ పేపరు వచ్చింది. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. 53 ఏళ్లు. మళ్లీ ఇంటి ముఖం చూడలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ గురించి తలుచుకుంటే... సరే, అది ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు రాస్తే ఆగలేను.

ఇంటికొచ్చేసరికి అమ్మ మాత్రల డబ్బా సర్దుకుంటోంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్, ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్. నేను ఆ రెండు షీట్లూ చేతిలో పట్టుకుని నిలబడిపోయాను మావా. మెథోట్రెక్సేట్ అంటే అమినోప్టెరిన్‌కి తోబుట్టువు, అదీ ఆ బృందానిదే. అటకమీద పాత ట్రంకు పెట్టెలో మామ్మ ఫోటో ఉంటుంది చూడు, బోదకాలు కనపడకుండా చీర కుచ్చిళ్లు పరుచుకుని కూర్చున్నది. ఆవిడకి ఆ మాత్ర అందేసరికే కాలు వాచిపోయింది. అమ్మకి అంతా చెప్పాను. కాసేపు ఊరుకుని "ఇచ్చేదీ ఆయనదే, ఆపేదీ ఆయనదేనా? మరి ఈ ముక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?" అంది.

నా బాధా అదే. మనం సన్మానాలు తక్కువ చేస్తామా? ఊరూరా శాలువాలే. కానీ శాస్త్రవేత్త ఏం కనుక్కున్నాడో స్టేజీ మీద చెప్పం. కలరా క్రిమి విడిచే విషమే ఆ జబ్బుకి మూలమని 1959లో కలకత్తాలో నిరూపించిన శంభునాథ్ డే గారికి బతికుండగా మన దేశంలో పెద్ద అవార్డేదీ రాలేదు. 1971లో బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి, 30 శాతం దాకా ఉన్న కలరా చావుల్ని 4 శాతం లోపుకి దించిన దిలీప్ మహలనబిస్ గారికి పద్మవిభూషణ్ ప్రకటించింది 2023 జనవరిలో. అప్పటికి ఆయన పోయి మూడు నెలలు. మన మాస్టారు కళ్లెదుట ఉన్నారు, ఇంకా మాట్లాడుతున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడు చెబుతాం?

సన్మాన పత్రం రాసి ఇస్తే "పెద్దదైంది, పదవులు వేద్దాం చాలు" అన్నారు నిర్వాహకుల్లో ఒకరు. నేను పట్టు వదల్లేదు. చీమలు, నీళ్ల చిప్పలు, ఆ పెద్దాయన వేలి చుక్క ఉండాల్సిందే అన్నాను. ఉన్నాయి!

సభ మహారాణిపేటలో. ముఖ్య అతిథి చాలా మర్యాదస్తుడే, చక్కగా మాట్లాడుతున్నాడు. మధ్యలో "దోమ కుట్టగానే కాలు వాచిపోయే ఈ భయంకర వ్యాధి" అన్నాడో లేదో, మన మాస్టారు కుర్చీలోంచి లేచారు. శాలువా ఒక భుజం మీద వేలాడుతోంది. "కుట్టగానే కాదండీ, ఏళ్లు పడుతుంది!" అని మైకు లేకుండానే. హాలంతా ఒక్కసారి నిటారుగా కూర్చుంది. ఆ అతిథి నవ్వి మైకు ఆయన చేతికే ఇచ్చేశాడు.

ఇక చూసుకో! కృతజ్ఞతలు లేవు, ఆశీస్సులు లేవు. పురుగు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి ఎలా బతుకుతుందో, మురుగు కాలవలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని ఎలా మోస్తుందో, మన క్లాసే. చూపుడువేలు అలాగే గాల్లో ఆడింది. వెనక వరసలోంచి ఒక ఆశా కార్యకర్త లేచి "సార్, మాత్ర మింగాక జ్వరమొచ్చిందని మమ్మల్ని తిడతారు, ఏం చెప్పాలి?" అని అడిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. "తక్కినవాళ్లకి అంతగా రాదమ్మా. రక్తంలో పురుగు పిల్లలు ఎక్కువ ఉన్నవాడికి, అవి చచ్చేటప్పుడు జ్వరం వస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది. మందు పని చేస్తోందని చెప్పు" అన్నారు. ఆ అమ్మాయి ఫోన్లో రాసుకుంది. పక్కనున్నవాళ్లూ అడగడం మొదలుపెట్టారు. భోజనాలు చల్లారిపోయాయి, ఒక్కరు లేవలేదు. పత్రం చదివే టైమే మిగల్లేదు. అయినా నాకు రవ్వంత బాధ లేదు. అందులో నేను రాసిందంతా ఆయనే నిలబడి చేసి చూపించారు. మావా, నువ్వు ఆ హాల్లో ఉండాల్సింది. నిజంగా ఉండాల్సింది.

తర్వాత జీపు దగ్గర... కాదు, అది ఫోన్లో చెబుతా, పెద్ద కథ. నీకో పని. 1995లో సుబ్బారావు గారి శతజయంతికి తపాలా స్టాంపు వేశారు. మీ నాన్నగారి ఆల్బమ్‌లో ఉందేమో చూడు. రెండుంటే ఒకటి అడిగి పంపు, మాస్టారికి ఇస్తాను. ఆయన్ని ప్రశ్నలడిగి రికార్డు చేద్దామని కూడా అనుకుంటున్నా. పెట్రోమాక్స్ మోసిన అటెండరు గారు గాజువాకలో ఉన్నారట, ఆయన్నీ కూర్చోబెట్టాలి. నువ్వు సెలవు పెట్టి వస్తే ఇద్దరం...

ఆటో హారన్ కొడుతున్నాడు. అమ్మని రక్త పరీక్షకి తీసుకెళ్లాలి. స్టాంపు మర్చిపోకు.

నీ
చిన్నా