ఎన్డీఏ కల పదో తరగతి సెలవుల్లోనే చేజారిపోతోంది

సంపాదకుల వారికి నమస్కారం.

సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ), నావల్ అకాడమీల ప్రవేశ పరీక్షకు యూపీఎస్సీ ఏటా రెండుసార్లు ప్రకటన ఇస్తుంది. అది వెలువడినప్పుడల్లా చాలా పత్రికల విద్యా పేజీల్లో ‘అర్హత: ఇంటర్మీడియట్’ అన్న ముక్క కనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఏ గ్రూపుతో చదివిన ఇంటర్మీడియట్ అన్నది అక్కడ చెప్పకపోవడం వల్ల పల్లెటూరి పిల్లలు ఎలా నష్టపోతున్నారో, విజయనగరం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఎనిమిదేళ్లు భౌతికశాస్త్రం బోధించిన నేను కళ్లారా చూశాను.

పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో ఉన్న ఎన్డీఏలో ఆర్మీ విభాగానికి ఏ గ్రూపు వారైనా దరఖాస్తు చేయవచ్చు. ఎయిర్‌ఫోర్స్, నేవీ విభాగాలకు, కేరళలోని ఎళిమల నావల్ అకాడమీకి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు మ్యాథ్స్ కూడా చదివి ఉండాలి. మన పిల్లల లెక్కలో చెప్పాలంటే ఎంపీసీ. ఈ సంగతి తెలియవలసింది ఇంటర్ రెండో ఏడాదిలో కాదు, పదో తరగతి ఫలితాలు వచ్చి గ్రూపు ఎంచుకునే ఆ నాలుగు వారాల్లో.

2025 జూన్‌లో నా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి, ఇంటర్ రెండో ఏడాది బైపీసీ, తండ్రిని వెంటబెట్టుకుని ఎన్డీఏ దరఖాస్తు నింపించుకోవడానికి మా ఇంటికి వచ్చింది. ఆ మే 30న ఖడక్‌వాస్లాలో శిక్షణ పూర్తిచేసుకున్న తొలి 17 మంది మహిళా కేడెట్ల ఫొటోను పత్రికలోంచి కత్తిరించి నోట్‌బుక్కులో దాచుకుంది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఆడపిల్లలకు తెరుచుకున్న తలుపు అది. ఏ విభాగానికి మొదటి ప్రాధాన్యం అన్న గడి దగ్గరకు రాగానే ‘ఎయిర్‌ఫోర్సండీ’ అంది. ఎన్డీఏలో మూడేళ్ల చదువు తరువాత ఎయిర్‌ఫోర్స్ కేడెట్లు శిక్షణకు హైదరాబాద్ దగ్గర మన దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీకే వస్తారని కూడా ఆమెకు తెలుసు. మ్యాథ్స్ లేదు కనుక ఆ గడి నీది కాదమ్మా అని చెప్పవలసి వచ్చింది. ‘ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివాను కదండీ మాస్టారూ’ అంది. ‘ఆడపిల్ల కదా, డాక్టరు సీటు రాకపోతే నర్సింగయినా దొరుకుతుందని బైపీసీలో వేశామండి, ఇట్లాంటిదొకటి ఉందని మాకెవరూ చెప్పలేదు’ అన్నాడు తండ్రి. చెప్పని వారిలో నేనూ ఉన్నాను. పదో తరగతిలో ఆమెకు కాంతి వక్రీభవనం పాఠం చెప్పినవాణ్ణి, ఈ ఒక్క మాట చెప్పలేదు. మళ్లీ మొదటి నుంచి ఎంపీసీ చదవాలంటే రెండేళ్లు పడుతుంది. పరీక్షకు వయోపరిమితి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్లు మాత్రమే.

ఆర్మీ విభాగం ఉందిగా అని కొందరు అనవచ్చు. ఉంది. కానీ ఏ గ్రూపు వారికైనా రాత పరీక్ష ఒకటే. అందులో మ్యాథ్స్ పేపరు 300 మార్కులకు ఉంటుంది. రెండున్నర గంటల్లో 120 ప్రశ్నలు, అవీ మాత్రికలు, త్రికోణమితి, కలనం, సదిశలు, సంభావ్యత, అంటే ఎంపీసీ పిల్లలు రెండేళ్లు చదివే పాఠాలే. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత కనుక ఊహించి రాసే వీలూ లేదు. 600 మార్కుల రెండో పేపరులో ఇంగ్లిషు పోగా మిగిలే 400లో సుమారు 200 భౌతిక, రసాయన, సామాన్య శాస్త్రాలవి. మొత్తం 900లో 500 మార్కులు లెక్కలూ సైన్సూ అయినప్పుడు ‘ఏ గ్రూపైనా సరే’ అన్న మాట సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకు పేరుకు మాత్రమే మిగులుతోంది. పైగా ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీలలోనే ఉంటుంది. సాంద్రత అంటే బాగా తెలిసిన తెలుగు మాధ్యమం పిల్లవాడు డెన్సిటీ అన్న మాట దగ్గర ఆగిపోవడం నేనెరుగుదును.

అందరూ ఎంపీసీలోనే చేరాలని నా వాదన కాదు. జీవశాస్త్రం ఇష్టమైన వారికి నీట్ ద్వారా పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల ఉంది, అదీ యూనిఫాం ఉద్యోగమే. నేను కోరేది తెలిసి ఎంచుకోవడం.

ఎంపీసీలో చేరినంత మాత్రాన పని అయిపోదని కూడా చెప్పాలి. ఎన్డీఏ ఫిజిక్స్ పాఠ్యప్రణాళికలో సైఫన్, హైడ్రోమీటర్ (ద్రవాల సాంద్రత కొలిచే పరికరం), ప్రెషర్ కుక్కర్, పెరిస్కోప్, సేఫ్టీ ఫ్యూజ్ వంటివి ఎలా పనిచేస్తాయో తెలిసి ఉండాలని ఉంది. మన కళాశాలలు అనేకం ప్రాక్టికల్ పరీక్షకు పది రోజుల ముందు ల్యాబు తాళం తీసి, రికార్డులు చూసి రాయించి పంపేస్తున్నాయి. మంచి మార్కులున్న ఎంపీసీ కుర్రాడొకడికి మా బడి బీరువాలోని హైడ్రోమీటర్‌ను ముందు మంచినీళ్లలో, తరువాత ఉప్పునీళ్లలో వేసి చూపించాను. ఉప్పునీళ్లలో కాడ పైకి లేవడం చూసి ‘కోడిగుడ్డు తేలేదీ ఇందుకేనా మాస్టారూ’ అన్నాడు. ఆ సూత్రం మీద వాడు అప్పటికే ఎన్నో బిట్లు చేసి ఉన్నాడు.

పిల్లలను ఎన్డీఏకు సిద్ధం చేసే కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి మా జిల్లాలోనే ఉంది. అక్కడ ఆరో తరగతి పిల్లవాడికి తెలిసిన ఈ వివరం ఆ చుట్టుపక్కల ఊళ్ల ఉన్నత పాఠశాలల్లో పదో తరగతి వారికి తెలియదు. ఇది తెలియజేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇంటర్ ప్రవేశ దరఖాస్తులో గ్రూపుల పేర్ల ఎదురుగా ఏ గ్రూపుతో ఏ సైనిక ప్రవేశాలకు అర్హత ఉంటుందో రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ తెలుగులో అచ్చువేయవచ్చు. ప్రధానోపాధ్యాయులు ఆఖరి పనిదినాల్లో ఒక పీరియడు ఇందుకు కేటాయించి, తల్లిదండ్రులను, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులను పిలిపించి చెప్పవచ్చు. మీ పత్రిక కూడా ఎన్డీఏ ప్రకటన వేసినప్పుడు, ఇంటర్ చదువుతున్న వారి కోసం రాసే వివరాల కిందనే, ‘పదో తరగతి పూర్తిచేసినవారు గమనించండి: ఎయిర్‌ఫోర్స్, నేవీ విభాగాలకు ఎంపీసీ తప్పనిసరి’ అన్న వాక్యం చేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా