సీడ్ పత్తి చేలల్లో ఆడపిల్లలు: అడ్వాన్సుల సంగతి ఎవరు చూస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్, ప్రతి ఏడూ ఇంతమంది పిల్లల్ని పని మాన్పించాం అని వార్తలొస్తాయి, మంచిదే. కానీ మా నడిగడ్డలో, అంటే గద్వాల అలంపూర్ వైపు, సీడ్ పత్తి క్రాసింగ్ ఊపందుకునేదే ఆగస్టులో, అప్పటికి ఆ డ్రైవ్ అయిపోతది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. హైబ్రిడ్ పత్తి విత్తనం కావాలంటే ప్రతి పువ్వుకీ చేత్తోనే పని. సాయంత్రం ఆడచెట్ల మీద తెల్లారి పూసే మొగ్గల్ని వెతికి గోటితో ఒలవాలి, పొద్దున మగచెట్ల పూలు తెచ్చి రుద్దాలి. ఎకరానికి దాదాపు పదిమంది, రెండుమూడు నెలలు నాగా లేకుండా. పిల్లలైతే వేళ్ళు సన్నగా ఉంటాయి, వంగే పనుండదు అంటారు. అసలు సంగతి కూలి తక్కువ, ఎదురు మాట్లాడరు, అంతే. మందు కొట్టిన చేనులోనే పొద్దంతా నిలబడేది ఎక్కువగా ఆడపిల్లలే.

విత్తనం కొనే రేటు ముందే ఫిక్స్ చేసేది కంపెనీ, మధ్యలో ఆర్గనైజర్, అంటే కంపెనీకీ రైతుకీ మధ్యవర్తి, రైతుకి పెట్టుబడి అప్పు కూడా చాలాసార్లు ఆయనే ఇస్తాడు, ఇంక రైతుకి తగ్గించుకునే వీలున్నది ఒక్క కూలే, ఆ బరువంతా పోయి పోయి పన్నెండేళ్ళ పిల్ల మీద పడుతది. ఇక కూలోళ్ళ ఇంట్లో వానలకు ముందు చేతిలో పైసా ఉండదు, జబ్బో పెళ్ళో పాత బాకీనో ఏదో ఒకటి ఉంటది, సరిగ్గా అప్పుడే పిల్ల కూలి మీద అడ్వాన్స్ వస్తది, బదులుగా సీజనంతా పిల్లని పంపాలి. వడ్డీ లేదు కదా అనుకుంటారు గాని ఆ వడ్డీ పిల్ల కూలిలోనే కోత పడుతది. పైగా పిల్లలు తక్కువకి దొరుకుతుంటే వాళ్ళమ్మకి ఎక్కువ కూలి ఎవరిస్తారు? పిల్ల తెచ్చే దాంట్లో సగం అమ్మ కూలిలోనే పోతున్నట్టు. మూడు నెలలు బడి మానిన పిల్ల దసరా తర్వాత క్లాసులో కూర్చున్నా ఏమీ అర్థంకాదు, తర్వాతి ఏడు అసలు రాదు.

చట్టం లేక కాదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, పెడితే 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, జైలు కూడా. కానీ బడి అయ్యాక, సెలవుల్లో సొంతింటి పనికి సాయం చేయొచ్చని అందులోనే ఉంది, ఇంక ఆఫీసర్లు వస్తే ప్రతి పిల్లా చుట్టాల పిల్లే! 1996లోనే సుప్రీంకోర్టు ప్రమాదకరమైన పనుల్లోంచి పిల్లని మాన్పిస్తే యజమాని దగ్గర 20 వేలు వసూలు చేయమని, ఆ ఇంట్లో పెద్దవాళ్ళకి పని చూపించమని చెప్పింది, ఆ రెండోది మా దిక్కు ఎవరికైనా జరిగిందేమో చెప్పమనండి.

తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోతే ఆంధ్ర సర్కారు తల్లికి వందనం పథకం కింద, అర్హత ఉన్న ఇళ్ళల్లో బడికి పోయే ప్రతి పిల్లకీ తల్లి ఖాతాలో 13 వేలు వేస్తున్నారు. ఇక్కడా అలాంటిది పెట్టి మే నెలలోనే ఇవ్వాలి, మహిళా సంఘాల నుంచి అప్పు కూడా అప్పుడే అందాలి, అడ్వాన్స్ తీసుకునే గతి పట్టకుండా. కంపెనీలు పెద్దవాళ్ళ కూలి లెక్కేసి కొనే రేటు ఇవ్వాలి. లేబర్ ఆఫీసర్లు ఆగస్టు దాకా ఆగకుండా విత్తే ముందే ఆర్గనైజర్ల దగ్గరికి పోయి ఏ ఇంటికి ఎంత అడ్వాన్స్ ఇచ్చారో రాసుకోవాలి.

ఇట్లు
ఒక పాఠకురాలు,
జోగులాంబ గద్వాల జిల్లా