మస్కట్‌లో ఉన్న బావకి, పిల్లల సీట్ల గురించి

కరీంనగర్,
మే 2025

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. సగానికి పైగా చిన్నోడు ఇంజనీరింగ్ వద్దంటున్నాడన్న తిట్లే. మిగతాదంతా పాప హైదరాబాద్ పోతానంటోందన్న దిగులు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా జవాబిస్తే డ్యూటీ మధ్యలో విని, సాయంత్రానికి మళ్లీ మొదటికొస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా. శుక్రవారం సెలవు కదా, తీరిగ్గా చదువు. చదివాక చెల్లెకి పంపు, కాగితాలన్నీ ఉన్నది ఆమె బీరువాలోనే.

ముందు చిన్నోడి సంగతి. ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 840 చిల్లర తెచ్చుకున్నాడు. ఇంజనీరింగ్ ఎంట్రెన్స్ ఎప్‌సెట్‌లో ర్యాంకు మాత్రం పదిమందిలో చెప్పుకునేట్టు లేదు. నువ్వేమో అప్పు చేసైనా, మేనేజ్‌మెంట్ కోటాలోనైనా కంప్యూటర్ సైన్స్‌లో వేద్దామంటున్నావు. వాడు బీఎస్సీలో స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ అడుగుతున్నాడు. నన్నడిగితే వాడి మాట వినమంటా. ఇంజనీరింగ్ ఫస్టియర్ సబ్జెక్టులు తన్నేసి, ఏడాది పోగొట్టుకుని మా దగ్గర డిగ్రీలో చేరే పిల్లలను ఏటా చూస్తున్నవాణ్ని. సర్లే, ఆ పంచాయితీ ఈ నెలలోనే తేల్చాల్సిన పని కూడా లేదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వేరు, డిగ్రీ సీటు వేరు. ఇది పెడితే అది పోదు. డిగ్రీకి దరఖాస్తు పెట్టనీ, ఇంజనీరింగ్ ముచ్చట నువ్వొచ్చాక చూసుకుందాం.

మన రాష్ట్రంలో 2016 నుంచి డిగ్రీ సీటంటే దోస్త్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల వెబ్‌సైట్ ద్వారానే. మనం చేరినప్పటిలా కౌంటర్లో ఫారం కొనడం, ప్రిన్సిపాల్ రూము ముందు గోడకంటించిన లిస్టులో పేరు వెతుక్కోవడం ఇప్పుడు లేవు. ఉస్మానియా, కాకతీయ, మన శాతవాహన, పాలమూరు, మహాత్మాగాంధీ, తెలంగాణ యూనివర్సిటీల కింద కాలేజీలకు దాదాపు అన్నిటికీ కలిపి ఒకే దరఖాస్తు. ఎంట్రెన్స్ లేదు, ఇంటర్ మార్కులే లెక్క. మొదటి విడతలో రిజిస్ట్రేషన్‌కి 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400. అందుకే ఇప్పుడే చేయించమంటున్నా. రెండొందలు మిగుల్తాయని కాదురా, మొదటి విడతలో సీట్లన్నీ ఖాళీగా ఉంటాయి. తర్వాత మిగిలినవాటిలో ఏరుకోవాలి.

ఇక్కడే ఒక చిక్కుంది, దానికి నువ్వే కారణం. దోస్త్‌లో రిజిస్టర్ కావాలంటే ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరుకి ఓటీపీ వస్తుంది. చిన్నోడి ఆధార్‌కి ఏ నంబరు లింకై ఉందని అడిగితే నీ నంబరట! వాడు చిన్నప్పుడు ఆధార్ తీయించినప్పుడు ఇచ్చావంట. ఆ సిమ్ము ఇప్పుడు మస్కట్‌లో నీ జేబులో ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పిల్లలు ఈ జిల్లాలో ఎంతమందో నీకు చెప్పక్కర్లేదు కదా. మా దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌లో సగం గొడవ దీనిదే. పిల్లగాడు ఇక్కడ కంప్యూటర్ ముందు, ఓటీపీ దుబాయిలోనో దమ్మాంలోనో లేబర్ క్యాంపులో ఛార్జింగ్ లేని ఫోన్లో. మీసేవలో వేలిముద్ర వేసి కూడా చేయించుకోవచ్చు, కానీ అక్కడ క్యూ చూశావంటే దండం పెడతావు. నీ సిమ్ము రోమింగ్‌లో ఉంది కాబట్టి మనం ఓటీపీతోనే కానిచ్చేద్దాం.

ఓటీపీ అంటే గుర్తొచ్చింది. నువ్వు కానీ చెల్లె కానీ పొరపాటున కూడా చిన్నోడికి తప్ప ఇంకెవరికీ ఓటీపీ చెప్పొద్దు. దోస్త్ ఐడీ, పిన్ను కూడా అంతే. మొన్న మా హెల్ప్‌లైన్ సెంటర్‌కి బండేసుకుని ఒకడొచ్చాడు. చేతిలో రబ్బర్ బ్యాండ్ వేసిన ఇంటర్ హాల్‌టికెట్ల జిరాక్సులు, పెద్ద కట్ట. ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో ఫోన్ నంబరు, ఊరి పేరు. అక్కడే వరండాలో నిలబడి ఒక్కొక్కరికీ ఫోన్ కొడుతున్నాడు. "తల్లీ, నీకొక నంబరు వచ్చింది చూడు, చెప్పు, ఆ చెప్పు" అని. అవతల పిల్ల ఏదో పరీక్ష ఫీజు అనుకుని చెప్పేస్తోంది. వాడు ఏదో ప్రైవేటు కాలేజీ పీఆర్వో. ఫ్రీ బస్సు, ఫ్రీ బ్యాగు అని ఊళ్లు తిరిగి హాల్‌టికెట్లు పోగుచేస్తాడు. రిజిస్ట్రేషన్ ఫీజు వాడే కట్టేస్తాడు. ఆప్షన్లలో వాడి కాలేజీ ఒక్కటే పెట్టి మూసేస్తాడు. లిస్టు వచ్చేదాకా పిల్లకి తన పేరు మీద ఒక దరఖాస్తు పడిందనే తెలియదు. అప్పుడు మా దగ్గరికొచ్చి ఏడుస్తారు. ఆ పిన్ను మార్పించి, మళ్లీ ఆప్షన్లు పెట్టించేసరికి మా తాతలు దిగొస్తారు. మీ చిన్నోడికి కూడా అలాంటి ఫోన్లు ఇప్పటికే వచ్చాయట. బీసీఏ చేస్తే ప్యాకేజీ గ్యారంటీ అన్నాడట ఒకడు. బీసీఏ, బీబీఏ నడపాలంటే 2024-25 నుంచి సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి ఉండాలి, ఆ కాగితం చూపించమని అడగరా అన్నా. మళ్లీ ఫోన్ రాలేదట.

ఇప్పుడు అసలు సంగతి. ఇది జాగ్రత్తగా చదువు. వెబ్ ఆప్షన్లంటారు, అంటే ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరసగా పెట్టుకోవడం. ఎన్నయినా పెట్టుకోవచ్చు. కంప్యూటర్ ఆ లిస్టును పైనుంచి కిందికి చూస్తుంది. మొదటి దాంట్లో వీడి మార్కులకి, వీడి రిజర్వేషన్‌కి సీటుందా? ఉంటే ఇచ్చేసి అక్కడే ఆగిపోతుంది, కింద ఏమున్నా చూడదు. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఇంతే.

ఇంతే అని నేనంటే ఒక్క తండ్రీ నమ్మడు. పైన పెద్ద కాలేజీ పెడితే అది రాకపోగా కిందది కూడా పోతుందని భయం. పోదురా బాబూ! మొదటిది దొరకలేదని రెండోదాని దగ్గర మార్కులేం తగ్గించరు. ఒకే కాలేజీని మొదట పెట్టినవాడికీ, మూడో స్థానంలో పెట్టినవాడికీ మధ్య మార్కులు ఎక్కువున్నవాడిదే సీటు.

పోయినేడు ఒకమ్మాయి వచ్చింది. మంచి మార్కులు. కోఠి విమెన్స్ కాలేజీ కావాలని ఆశ. అదే ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా యూనివర్సిటీ అయింది కదా, అక్కడ. వాళ్ల నాయన మాత్రం ఊరికి దగ్గర్లో ఉన్న కాలేజీ మొదట పెట్టించాడు. "అది సేఫు సార్, తర్వాత కోఠి పెడదాం" అని. నేను చెప్పా, మొదటిదే వస్తుంది, రెండోది ఇక చూడదు అని. "ఆశకు పోతే అసలుకే మోసం సార్" అన్నాడు. అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు, మౌసు పట్టుకుని కూర్చుంది. లిస్టొచ్చాక చూస్తే ఊరి పక్క కాలేజీయే. కోఠిలో ఆ కోర్సుకి ఆమె కంటే తక్కువ మార్కులవాళ్లకి కూడా సీటొచ్చింది. రెండో విడతలో మళ్లీ పెట్టించాం కానీ అప్పటికే నిండిపోయింది. సేఫు అనుకున్నవి పెట్టొద్దని కాదు, అడుగున పెట్టుకోవాలి. చిన్నోడికి నిజాం కాలేజీ మనసులో ఉందట, నీకు చెప్పడానికి జంకుతున్నాడు. 1887 నాటి కాలేజీ, మనం బషీర్‌బాగ్‌లో బస్సు దిగినప్పుడల్లా గేటు చూసి లొట్టలేసినోళ్లమే. మొదటి ఆప్షన్ అదే పెట్టనీ. రాకపోతే కరీంనగర్‌లో మా కాలేజీ ఎలాగూ ఉంది, వాణ్ని నేను చూసుకుంటా.

సీటు వచ్చాక సెల్ఫ్ రిపోర్టింగ్ అని ఒకటుంది. ఆన్‌లైన్లో "నాకు ఈ సీటు కావాలి" అని ఒప్పుకోవడం. గడువులోపు అది చేయకపోతే సీటు పోతుంది. ఒప్పుకున్నా తర్వాతి విడతలో ఇంకా మంచిదానికి ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కొత్తది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, కాబట్టి పాతదానికంటే నిజంగా మంచివే పెట్టాలి. ఈ ముక్క చిన్నోడికి చెప్పా, వాడికి అర్థమైంది. వాడు నీ అంత మొండి కాదు.

కాగితాల్లో ఆదాయం సర్టిఫికెట్ కొత్తది తీయించమను చెల్లెని. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి బీసీలకైతే పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షల లోపు ఉండాలి. బోనఫైడ్‌లు, టీసీ, మెమోలు ఉన్నాయట, నేను చూస్తా.

ఇక పాప. దీని గురించి నువ్వు దిగులు పడటం నాకు నవ్వొస్తోంది. మార్చిలో సీయూఈటీ పీజీ రాసింది, సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ సీట్లకి పెట్టే పరీక్ష. 75 ప్రశ్నలు, తప్పు రాస్తే మార్కు కోత. అందులో ఎకనామిక్స్‌లో ఈ మాత్రం స్కోరు తెచ్చుకుందంటే ఊరికే రాదు. కానీ చెల్లె అనుకుంటున్నట్టు స్కోరు రాగానే సీటొచ్చినట్టు కాదు. ఆ పరీక్ష పెట్టేది ఎన్‌టీఏ అనే కేంద్ర సంస్థ, సీటిచ్చేది యూనివర్సిటీ. ఫలితం వచ్చాక ఒక్కో యూనివర్సిటీ వెబ్‌సైట్లో మళ్లీ విడిగా దరఖాస్తు పెట్టాలి. పరీక్ష ఫారంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అని టిక్ పెట్టాం కదా అని ఇంట్లో కూర్చుని, గడువు దాటాక నాకు ఫోన్ చేసిన పిల్లలున్నారు. పాపకి నిన్ననే చెప్పా, ఈ వారంలోనే పెట్టేస్తానంది. "మామా, నాకు తెలుసు" అంది కూడా, కొంచెం విసుగ్గా.

ఒకటి మాత్రం దానికీ తెలియదు. మన మీసేవ బీసీ-బి సర్టిఫికెట్ రాష్ట్రం వరకే. సెంట్రల్ యూనివర్సిటీలో అడిగేది ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే బీసీల్లో సంపన్న వర్గం కాదని చెప్పే కాగితం, కేంద్రం ఫార్మాట్‌లో, ఈ ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది. తహసీల్దార్ ఆఫీసులో దానికి విడిగా అర్జీ పెట్టాలి. సీటొచ్చాక పరుగెత్తితే అందదు. అది లేక ఓబీసీ సీటు వదులుకుని జనరల్‌లో వెయిటింగ్ లిస్టు చూసుకుంటూ కూర్చున్నవాళ్లను నేనెరుగుదును. రేపే అర్జీ పెట్టించమని చెల్లెకి చెప్పు.

చెల్లె భయం నాకు తెలుసు. ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి నాలుగొందల ఎకరాల భూమి గొడవ టీవీలో పొద్దస్తమానం చూసింది, జేసీబీలు, పోలీసులు, పిల్లల్ని వ్యాన్లలో ఎక్కించడం. "అక్కడికా నా బిడ్డ" అంటోంది. నిజమే, తల్లి కదా. కానీ అది 1974లో ఆరు సూత్రాల పథకం కింద వచ్చిన యూనివర్సిటీ, మన తండ్రుల కాలం నాటి తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల నుంచి పుట్టింది. ప్రైవేటు కాలేజీల ముందు అక్కడి ఫీజు ఒక లెక్కే కాదు. మన జిల్లా నుంచి వెళ్లి చదువుకున్నవాళ్లు నాకు తెలుసు, కావాలంటే ఒకరితో చెల్లెకి ఫోన్లో మాట్లాడిస్తా. హాస్టల్ మాత్రం అందరికీ మొదటి రోజే దొరుకుతుందని అనుకోవద్దు.

అది రాకపోతే అంటావు. రాకపోతే సీపీగెట్ అనే రాష్ట్ర పీజీ ఎంట్రెన్స్ ఉంది. ఉస్మానియా, కాకతీయ, శాతవాహన లాంటి రాష్ట్ర యూనివర్సిటీలకి కలిపి ఉస్మానియా నిర్వహిస్తుంది. వంద ప్రశ్నలు, గంటన్నర, నెగిటివ్ మార్కులు లేవు. డిగ్రీ ఆఖరి సెమిస్టర్ ఫలితాలు రాకపోయినా దరఖాస్తు పెట్టొచ్చు. నోటిఫికేషన్ రాగానే ఇది కూడా రాయమన్నా. పాప మొహం ముడుచుకుంది, ఉస్మానియా అంటే తక్కువనుకుంటోంది. ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒక్కసారి కూర్చోబెడితే ఆ మాట అనదు, నేనే తీసుకెళ్తా.

డబ్బు గురించి ఒక మాట. ఒకచోట ఫీజు కట్టాక ఇంకోచోట మంచి సీటొస్తే కట్టింది పోతుందని జంకొద్దు. పోయిన 2024-25 విద్యాసంవత్సరానికి యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ సెప్టెంబర్ 30 లోపు మానుకుంటే మొత్తం వెనక్కివ్వాలని చెప్పింది, ఆ తర్వాత అక్టోబర్ 31 దాకా వెయ్యికి మించి కోయొద్దంది. ఈ ఏడు సర్క్యులర్ రాగానే పంపిస్తా. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో పెట్టుకోకూడదని 2018లోనే ఆదేశమిచ్చింది. అడిగినచోటల్లా ఒరిజినల్స్ ఇచ్చి రావద్దని, చూపించి వెనక్కి తెచ్చుకోమని పిల్లలిద్దరికీ గట్టిగా చెప్పు. నేను చెబితే మామ చాదస్తం అంటారు.

సరే, పని చెప్తా విను. గురువారం పొద్దున పదిన్నరకి చిన్నోణ్ని మా సెంటర్లో కూర్చోబెడతా, నీకక్కడ తొమ్మిదవుతుంది. ఆ గంటసేపు ఇండియా సిమ్మున్న ఫోన్ చేతిలో పెట్టుకో, ఛార్జింగ్ నింపి ఉంచు. ఓటీపీ రాగానే నాకు కాదు, వాడికే ఫోన్ చేసి చెప్పు. చెప్పేటప్పుడు ఇంజనీరింగ్ మాట ఎత్తావో, ఫోన్ నేను లాక్కుంటా.

నీ
బావ