ఆపరేషన్‌కు ముందు అడగాల్సిన ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్‌తో కలిసి అండమాన్ ఆదివాసుల మూలాలు వెతకడం, 2009లో మన దేశంలో నూటికి నలుగురిలో ఉన్న గుండెజబ్బు జన్యుమార్పును చూపడం, తర్వాత డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీకి డైరెక్టర్‌గా పనిచేయడం, అన్నీ రాశారు. ఆపరేషన్‌లో ఇచ్చే ఒక మందు మా వాళ్లలో కొందరికి గంటల తరబడి వదలదన్న ముక్క మాత్రం వదిలేశారు. మా చౌరస్తా వాళ్లకు కావలసింది అదే.

మాది ఆర్యవైశ్య కుటుంబం. వరంగల్ చౌరస్తాలో మూడు తరాల కిరాణా కొట్టు. 2011లో మా తమ్ముడికి ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. గంటలో అయిపోయింది. మనిషి మాత్రం ఊపిరి తీసుకోలేదు, వేలు కూడా కదపలేదు. మత్తు డాక్టరు ఊపిరి అందించే బ్యాగు నొక్కుతూ నిలబడ్డాడు, తర్వాత వెంటిలేటర్ పెట్టారు. బయట ఎవరో గుండె ఆగిందట అన్నారు. మా అమ్మ భద్రకాళమ్మకు మొక్కని మొక్కు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి వాడంతట వాడే ఊపిరి తీసుకున్నాడు.

ఆ డాక్టరుకు ఇప్పటికీ దండం పెడతాను. కానీ డిశ్చార్జి కాగితంలో ఆ రాత్రి గురించి ఒక్క అక్షరం లేదు. అడిగితే 'బాడీ వీక్‌గా ఉంది' అన్నారు. రోజూ బియ్యం బస్తాలు భుజాన మోసే మనిషి!

అసలు సంగతి ఏడేళ్ల తర్వాత తెలిసింది. ఎమ్మెస్సీ చదువుతున్న మా అమ్మాయి ఒక పరిశోధన పత్రం తెచ్చి, "నాన్నా, ఇందులో మనవాళ్ల పేరుంది" అంది. తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో నేచర్ జెనెటిక్స్ అనే సైన్సు పత్రికలో వేసిన పత్రం అది. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులు కావడానికి స్కోలిన్ అనే మందు ఇస్తారు. రక్తంలోని బ్యూటిరైల్ కోలినెస్టరేస్ అనే ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైము లోపం వైశ్యుల్లో మిగతావాళ్ల కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువ. లోపం ఉన్నవాళ్లకు ఆ మందు గంటల తరబడి వదలదు, ఊపిరి పీల్చే కండరాలు కూడా కదలవు. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలోని బూపతి బృందం 2006లోనే మా వాళ్లలో ఈ లోపం తెచ్చే ఒక జన్యుమార్పును పట్టుకుంది. అంటే మా తమ్ముడి ఆపరేషన్‌కు ఐదేళ్ల ముందే!

మేనరికం వల్ల అనుకున్నాను. మా నాన్న మేనమామ కూతురినే చేసుకున్నాడు. అదొక్కటే కాదని మా అమ్మాయి చెప్పింది. మాకు 102 గోత్రాలు, అవి కలవకుండా చూసుకునే సంబంధం ఖాయం చేస్తాం. కానీ ఎప్పుడో వేల ఏళ్ల కింద కొద్దిమందితో మొదలై, అప్పటి నుంచి లోపల్లోపలే ఇచ్చిపుచ్చుకున్నాం. గోత్రం వేరైనా, చుట్టరికం తెలియకపోయినా అదే పాత మార్పు ఇద్దరిలోనూ ఉండొచ్చు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే ఇంత ఇబ్బంది. మమ్మల్ని చూసి నవ్వేవాళ్లకు ఒక మాట: ఆ 2017 పరిశోధనలో చూసిన 263 సమూహాల్లో 81 ఇలా కొద్దిమంది నుంచి పుట్టినవే. వాటిలో మీదీ ఉండొచ్చు.

ఈ మాట బయటికొస్తే పిల్లలకు సంబంధాలు తప్పుతాయని మా సంఘం పెద్దలు కొందరు నన్ను నోరు మూసుకోమన్నారు. అదేం భయమో! స్కోలిన్ లాంటి మందుల జోలికి పోనంతవరకు మామూలుగా ఈ లోపం ఉన్నట్టే తెలియదు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. ఆపరేషన్‌కు ముందు నింపే ఫారంలో 'మీ ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైందా?' అనే ప్రశ్న పెట్టండి. అవునంటే కోలినెస్టరేస్ రక్తపరీక్ష ఉంది, ఈ ఎంజైముతో పనిలేని రోక్యురోనియం లాంటి మందులూ ఉన్నాయి. అలా జరిగితే డిశ్చార్జి కాగితంలో రాయండి. ఆ రాత నాడే ఉంటే మేం ఏడేళ్లు చీకట్లో ఉండేవాళ్లం కాదు.

ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకున్నాం. మా చెల్లెలికీ ఆ ఎంజైము బాగా తక్కువని తేలింది. పోయిన నెల ఆమెకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్. 'స్కోలిన్ ఇవ్వొద్దు' అని రాసిన అట్టముక్క మత్తు డాక్టరు చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, తల ఊపి లోపలికి వెళ్లాడు. ఆపరేషన్ అయిన కాసేపటికే మా చెల్లెలు కళ్లు తెరిచి, కొట్టు తాళాలు ఎవరి దగ్గరున్నాయని అడిగింది.

— ఒక కిరాణా వర్తకుడు, చౌరస్తా, వరంగల్