క్షేమమని రాయని ఉత్తరం

బాపట్ల,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి సౌజన్యకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట నా బుర్రలోంచి పోవడం లేదమ్మలూ. "నాడి పట్టకుండా, పొట్ట నొక్కి చూడకుండా, స్క్రీన్‌లో మొహం చూసి మందులు రాస్తున్నాను. ఏదో మోసం చేస్తున్నట్టుంది నాన్నా" అన్నావు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. తపాలా శాఖలో ముప్పై ఆరేళ్లు చేసినవాణ్ణి కదా, నాకు మాట కాగితం మీదే వస్తుంది.

విలియం కల్లెన్ అని స్కాట్లండ్ డాక్టరు ఒకాయన ఉండేవాడు. 1710లో పుట్టి 1790లో పోయాడు. ఎడిన్‌బరోలో ప్రొఫెసరు. మీ సైకియాట్రీ పుస్తకాల్లో కనిపించే 'న్యూరోసిస్' అన్న మాట పుట్టించింది ఆయనే. ఆయన పాఠాలు వినడానికి అట్లాంటిక్ దాటి మరీ విద్యార్థులు వచ్చేవారట. నాకు అదంతా అనవసరం. నన్ను పట్టుకున్నది ఆయన టపా. ఆయన దగ్గరికి రాలేని రోగులు ఉత్తరాలు రాసేవాళ్లు, ఆయన ఉత్తరంలోనే వైద్యం చెప్పేవాడు. అలా వచ్చినవీ వెళ్లినవీ కలిపి ఐదు వేలకు పైగా ఉత్తరాలు ఎడిన్‌బరోలోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ల దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మా ఆఫీసులో పదేళ్ల నాటి రిజిస్టరు కావాలంటే చెదలు తిన్నంత తిని మిగిల్చింది చూపించేవాళ్లం.

వచ్చిన ఉత్తరాలు దాచడం గొప్ప కాదు. తను పంపిన జవాబులు కూడా ఆయన దగ్గర ఉన్నాయి చూడు, అదీ గొప్ప. మొదట్లో మనిషిని పెట్టి నకలు రాయించేవాడు. 1780లో జేమ్స్ వాట్ (ఆవిరి యంత్రం వాట్ గారే) ఉత్తరాలకు కాపీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకుంటే, ఆ మరుసటి ఏడే కల్లెన్ దాన్ని వాడడం మొదలుపెట్టాడు. ప్రత్యేకమైన సిరాతో ఉత్తరం రాసి, దాని మీద పల్చటి తడి కాగితం వేసి గట్టిగా అదిమితే సిరా కొంత ఆ కాగితానికి అంటుకుంటుంది. అక్షరాలు తిరగబడి పడతాయి గాని, కాగితం ఉల్లిపొరలా ఉంటుంది కనుక వెనక నుంచి చూస్తే సరిగ్గా కనిపిస్తాయి. ఆరు నెలల తర్వాత అదే రోగి మళ్లీ రాస్తే, పోయినసారి ఏం చెప్పాడో తీసి చూసుకోవచ్చు. మీరు కేస్ షీట్ అంటారు కదా, అదే.

చెయ్యి పట్టకుండా వైద్యం ఎలా అంటావు. ఆ రోజుల్లో ఎదురుగా కూర్చున్నా పెద్దగా పట్టేవాళ్లు కాదు. నాడి, నాలుక, మూత్రం రంగు, అంతే. మిగతాదంతా రోగి చెప్పుకునే కథే. ఆ కథ గదిలో చెబితేనేం, కాగితం మీద చెబితేనేం? చాలా ఉత్తరాలు ఊళ్లో ఉన్న చిన్న డాక్టరో, మందుల దుకాణం ఆయనో రాసేవాళ్లు. జవాబు వచ్చాక మందు కలిపి ఇచ్చేదీ వాళ్లే. మీ సెంటర్‌లో అటువైపు నర్సు కూర్చుని బీపీ చూసి నీకు చెబుతుందన్నావే, సరిగ్గా ఆ ఏర్పాటే.

స్విట్జర్లండ్‌లో లోజాన్ అనే ఊళ్లో టిస్సో అని ఇంకొకాయన ఉండేవాడు. ఆయనకు వచ్చిన ఉత్తరాలు కూడా వెయ్యికి పైగా మిగిలాయి. రోగులు పొడుగ్గా రాస్తారు గాని కావలసింది రాయరని విసిగిపోయాడో ఏమో, 1761లో జనం కోసం వేసిన వైద్య పుస్తకం చివర ప్రశ్నల పట్టిక ఒకటి పెట్టాడు. డాక్టరుకు రాసేటప్పుడు వీటికి జవాబు తప్పకుండా ఉండాలన్నాడు. వయసెంత, ఇదివరకు ఆరోగ్యం ఎలా ఉండేది, ఎన్నాళ్లుగా ఈ జబ్బు, జ్వరం ఉందా, నాడి ఎలా ఉంది, దాహం, నిద్ర, విరేచనం... మనీ ఆర్డరు ఫారంలా ఏ గడీ ఖాళీ వదలకూడదు.

ఈ వ్యవహారంలో డబ్బు సంగతి చదివి నవ్వుకున్నాను. అప్పటి బ్రిటన్‌లో పోస్టు ఖర్చు చాలావరకు అందుకున్నవాడే కట్టాలి, మన నాట్‌పెయిడ్ కవరులా. అదీ ఎన్ని కాగితాలుంటే అంత, ఎంత దూరమైతే అంత. అందుకే ఒక్క కాగితంలోనే సందు లేకుండా రాసి, దాన్నే మడిచి లక్క ముద్ర వేసేవాళ్లు. పెన్నీ స్టాంపు వచ్చింది 1840లో. కల్లెన్ తీసుకునే ఫీజు మాత్రం గినీల్లో ఉండేది, అంటే ఒక్కొక్కటి ఇరవై ఒక్క షిల్లింగులు. కూలీనాలీ వాళ్లకు అందే వైద్యం కాదు.

ఆ మందులు చూస్తే నాకు భయమేసింది, దాచడమెందుకు. విరేచనాలకు మందు, వాంతులకు మందు, చర్మం మీద బొబ్బలెక్కించే పట్టీలు, నెత్తురు తీయడం. వాటికంటే ఆయన చెప్పిన పథ్యాలూ, గుర్రపుస్వారీ, ఒంటికి వెచ్చగా ఫ్లానెల్ వేసుకోమనడం నయం. ఇంకో తమాషా. ఆయన మందుల పుస్తకాన్ని 1790లో జర్మన్‌లోకి అనువదిస్తూ, మలేరియా జ్వరానికి వాడే సింకోనా చెట్టు బెరడు గురించి ఆయన రాసింది నచ్చక, ఆ బెరడు తన మీదే ప్రయోగించుకుని చూసినవాడు హోమియోపతి పుట్టించిన హానిమన్. మీ అమ్మ బీరువాలో ఉన్న పంచదార గుళికల డబ్బాకు మూలం అక్కడుంది. ఆ హానిమన్ కూడా ఉత్తరాలతోనే ఎంతోమందికి వైద్యం చేశాడు.

ఇంగ్లీషు నిఘంటువు రాసిన జాన్సన్ గారికి 1784లో ఆయాసం, ఒంటికి నీరు. లండన్‌లో అంతమంది డాక్టర్లుండగా ఎడిన్‌బరోలో ఉన్న తన స్నేహితుడు బాస్వెల్‌కు రాసి, అక్కడి వైద్యుల్ని అడగమన్నాడు. బాస్వెల్ కల్లెన్‌ను, మరికొందరిని అడిగాడు. జవాబులు వచ్చాయి, అయినా ఆ డిసెంబరులోనే పెద్దాయన పోయాడు.

ఆ తర్వాత 1816లో పారిస్‌లో లెన్నెక్ అనే డాక్టరు ఒక ఆడమనిషి గుండె మీద చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాలు గొట్టంలా చుట్టి విన్నాడు. నీ మెళ్లో వేలాడే స్టెతస్కోపు కథ నాకంటే నీకే బాగా తెలుసు. అప్పటిదాకా ఉత్తరంగా ఉన్న కాగితం ఆ రోజు గొట్టమైంది. అక్కణ్ణుంచి రోగి మాట కంటే రోగి ఛాతీ మాట ఎక్కువైపోయింది. మంచికే అయింది, కాదనను.

కానీ ఒకటి పోయింది కూడా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, సముద్రం పక్క ఊళ్లో, ఆఫీసు అరుగు మీద కూర్చుని చదువురాని వాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి. ఒక ముసలమ్మ నెలకోసారి బొంబాయిలో ఉన్న కొడుక్కి రాయించేది. "ముందు ఇక్కడ నేను క్షేమం అని రాయి బాబూ" అనేది. ఆ నాలుగు మాటలు చెప్పడానికి రెండుసార్లు ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేది. "దగ్గు సంగతి రాయనా పెద్దమ్మా?" అంటే, "వద్దులే, వాడికెందుకు బెంగ" అనేది. నేను రాయలేదు. ఇప్పటికీ అది నా తప్పేననిపిస్తుంది. అది చూసినవాడికి కల్లెన్ రోగులంటే ఆశ్చర్యంగా ఉండదూ! ఎదుట మనిషి లేడు, మధ్యలో ఆపేవాడు లేడు. సిగ్గుపడే జబ్బులు కూడా రాసేసేవారు. అయితే అక్కడా భార్య జబ్బు గురించి భర్త రాసిన ఉత్తరాలున్నాయి. ఆవిడ ఏమనుకుందో మనకు తెలియదు. నీ స్క్రీన్ ముందు కూడా మొగుళ్లే జవాబులు చెబుతారన్నావు కదా.

ఇంతకీ ఈ ఉత్తరం మొదట్లో 'ఇక్కడ మేమంతా క్షేమం' అని నేను రాయలేదు, చూశావా? రోజూ ఫోన్‌లో నువ్వు అడగడం, నేను బానే ఉన్నాననడం. అది మాట వరసకు. టిస్సో గారి పట్టిక పక్కన పెట్టుకుని రాస్తున్నాను, టెన్షన్ పడకుండా చదువు.

వయసు 67. ఇదివరకు బీపీ ఒక్కటే, మాత్ర మానలేదు. మూడు వారాలుగా డాబా మెట్లు ఎక్కుతుంటే పదకొండో మెట్టు దగ్గర ఆగాల్సి వస్తోంది. ఆగితే తగ్గుతుంది. ఛాతీలో నొప్పి లేదు. సాయంత్రానికి మేజోళ్ల పట్టీ గుర్తు కాలి మీద గుంటలా పడి, భోజనం వేళ దాకా పోవడం లేదు. నిద్ర పడుతోంది గాని రెండు దిళ్లు కావాలి. దగ్గు లేదు. ఆకలి మామూలే. మీ అమ్మకు చెప్పలేదు, దిండు సంగతి మాత్రం కనిపెట్టింది.

పోస్టు చేసే ముందు దీన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను, కల్లెన్ కాలం కాదు కదా. కాగితం మాత్రం స్పీడ్ పోస్టులో వస్తుంది, దాచుకో. ఏ పరీక్ష చేయించమంటావో, ఎక్కడికి వెళ్లమంటావో చెప్పు, రేపే వెళతాను. గినీలు లేవు. మీ అమ్మ సున్నుండలు చుడుతోంది, పార్సిల్ వేరే వస్తుంది.

ఇట్లు,
మీ నాన్న

తా.క. నాడి రాయడం మరిచాను. గోడ గడియారం కింద కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టాను. 92, 90, 94.