గేరుబాక్సు దించే ముందు కారుతున్నదేమిటో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కారు ముందుభాగం కింద నేల మీద మరక కనబడగానే, "గేరుబాక్సు దించాలి, ఎలాగూ దించుతున్నాం కాబట్టి క్లచ్ సెట్టు కూడా మార్చేద్దాం" అనే మాట మన వర్క్‌షాపుల్లో ఎంత తేలికగా వినబడుతుందో, ఆ మాట కంటే ముందు జరగవలసిన పరిశీలన అంత అరుదుగా జరుగుతోంది. ఈ విషయంలో నాకు ఎదురైన అనుభవాన్ని, దాని వల్ల తెలుసుకున్న సంగతులను మీ పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా తొమ్మిదేళ్ల డీజిల్ కారు కింద, పోర్టికోలోని నాపరాళ్ల మీద, మొదట రూపాయి బిళ్లంత మరక కనబడింది. వారం తిరిగేసరికి అది అరచేయంత అయింది. దగ్గరలోని ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే కారును ర్యాంపు ఎక్కించి, కింద లైటు తిప్పి చూసి, ఐదు నిమిషాల్లో 28,000 రూపాయల అంచనా రాసి చేతికిచ్చారు. అందులో క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, కూలి అన్నీ ఉన్నాయి గానీ కారుతున్న ద్రవం పేరు మాత్రం ఎక్కడా లేదు. క్లచ్ జారడం లేదు, గేర్లు సాఫీగానే పడుతున్నాయి, మరి క్లచ్ ఎందుకు మార్చాలని అడిగితే, "లోపల సీలు పోయి ఉంటుంది సార్, విప్పితే గానీ తెలియదు" అన్నారు. సీలంటే నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్టు. కారు అక్కడ వదలకుండా ఇంటికి తెచ్చేశాను.

అసలు గందరగోళమంతా "ఆయిల్" అనే మాటలోనే ఉందని నా అభిప్రాయం. ఇంజిన్ ఆయిల్, గేరు ఆయిల్, బ్రేక్ ఆయిల్, క్లచ్ ఆయిల్ అంటూ అన్నిటినీ ఒకే గాట కట్టేస్తాం. నిజానికి క్లచ్ పెడల్ నుంచి గేరుబాక్సు దాకా ఒత్తిడిని మోసుకుపోయేది నూనె కానే కాదు. అది బ్రేకుల్లో వాడే గ్లైకాల్ ద్రవమే, డబ్బా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. దాని చుక్కను గ్లాసు నీళ్లలో వేస్తే కలిసిపోతుంది, నూనె అయితే పైకి తేలుతుంది. పెయింటు మీద పడితే రంగును లేపేస్తుంది కాబట్టి వెంటనే నీళ్లతో కడగాలి. గేరు ఆయిల్ చిక్కగా, తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది. గేర్ల పళ్లు అరగకుండా అందులో గంధకపు సమ్మేళనాలు కలుపుతారు కనుక, కుళ్లిన గుడ్డుకూ వెల్లుల్లికీ మధ్యస్థంగా ఒక ఘాటు వస్తుంది. ఒకసారి ముక్కుకు తగిలితే మరచిపోలేము. డీజిల్ కారు ఇంజిన్ ఆయిల్ మార్చిన కొద్దిరోజులకే నల్లబడుతుంది, వాసనలో మసి తెలుస్తుంది. ఇక ఏసీ వేసుకుని వచ్చిన కారు కింద ఎడమవైపున కారే స్వచ్ఛమైన నీటిని చూసి కంగారుపడేవారూ ఉన్నారు. అది లీకు కాదు.

ఆ రాత్రి కారు కింద తెల్లటి అట్టముక్క పరిచాను. తెల్లవారి చూస్తే చుక్కలు ఇంజిన్, గేరుబాక్సు కలిసే చోటు కింద లేవు. ఎడమ చక్రం వైపు ఒక జానెడు జరిగి ఉన్నాయి. చక్రం లోపలి అంచు తడిగా ఉంది. వేలికి అంటించుకుని చూస్తే పైన చెప్పిన గంధకపు వాసనే. ముందు చక్రాలతో నడిచే కార్లలో గేరుబాక్సు నుంచి చక్రానికి పోయే కడ్డీని షెడ్డుల్లో యాక్సిల్ అంటారు. అది గేరుబాక్సులోకి దూరే చోట ఒక రబ్బరు సీలు ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చింది, అంతకు రెండు నెలల ముందే ఆ ఎడమ యాక్సిల్ బూటు (కడ్డీ కీలును కప్పే రబ్బరు తొడుగు) చిరిగిందని మార్పించాను. కడ్డీని బయటికి లాగి మళ్లీ దూర్చేటప్పుడు దాని అంచు సీలు పెదవికి గీసుకున్నా, సరిగ్గా నిలువునా పోకపోయినా, ఇలాంటి చెమ్మే వస్తుంది. మరో మెకానిక్ గేరుబాక్సు దించకుండానే ఆ సీలు మార్చి, తగ్గిన గేరు ఆయిల్ నింపాడు. సీలు, ఆయిల్, కూలి అన్నీ కలిపి 1,900 రూపాయలయ్యాయి. ఆ తర్వాత మరక లేదు.

అలాగని గేరుబాక్సు దించమన్న ప్రతి మెకానిక్కూ మోసగాడని నేను అనడం లేదు. ఇంజిన్ వెనుక సీలు పోయినా, గేరుబాక్సు ముందుండే ఇన్‌పుట్ షాఫ్టు (ఇంజిన్ శక్తిని గేరుబాక్సులోకి తెచ్చే కడ్డీ) సీలు పోయినా, రెండూ క్లచ్ ఉండే బెల్ హౌసింగు అడుగు నుంచే కారుతాయి, రెంటికీ గేరుబాక్సు దించక తప్పదు. ఆ నూనె క్లచ్ ప్లేటుకు అంటితే యాక్సిలరేటర్ తొక్కినా కారు వేగం అందుకోదు, ఎత్తు ఎక్కేటప్పుడు మాడు కంపు కొడుతుంది, అప్పుడు ప్లేటు కూడా మార్చవలసిందే. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. ఇంజిన్ పైమూత కింద నూనె కారకుండా వేసే పొర, అంటే గాస్కెట్ నుంచి కారిన నూనె వెనుకగా జారి బెల్ హౌసింగు కిందే చుక్కలు కట్టి, వెనుక సీలే పోయిందన్న భ్రమ కలిగిస్తుంది. కదిలే కారులో గాలి నూనెను వెనక్కి తోస్తుంది కనుక, చుక్క పడే చోటు ఒక్కటే చూసి లాభం లేదు. తడిసిన వాటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటును పట్టుకోవాలి. అందుకు ముందుగా అంతా శుభ్రంగా తుడిచి, ఇరవై కిలోమీటర్లు నడిపి, మళ్లీ చూడాలి. ఈ పనికి గంట పడుతుంది, ఆ గంటకు కూలి అడిగితే సంతోషంగా ఇస్తాను.

పెడల్ సంగతి వేరు. క్లచ్ మెత్తబడి నేలకు అంటుకుపోతున్నా, రెండు మూడుసార్లు కొడితే గానీ గేరు పడకపోయినా, రివర్స్ వేసేటప్పుడు కర్రుమన్నా, ముందు ద్రవం డబ్బా చూడాలి. పెడల్ తొక్కినప్పుడు ద్రవాన్ని నెట్టే, పెడల్ పైన ఉండే మాస్టర్ సిలిండర్ కారితే డ్రైవరు కాళ్ల దగ్గరి మ్యాటు తడుస్తుంది. ఆ ఒత్తిడి అందుకుని క్లచ్‌ను విడదీసే, గేరుబాక్సు దగ్గరి స్లేవ్ సిలిండర్ బయట ఉంటే మార్చడం సులువు, కొన్ని కార్లలో అది బెల్ హౌసింగు లోపలే ఉంటుంది, అలాంటప్పుడు దించవలసిందే. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ డబ్బా ఒక్కటే కాబట్టి, ద్రవం తగ్గితే తాత్సారం చేయకూడదు. మారుతి 800, పాత ఆల్టో వంటి వాటిలో క్లచ్ తీగతో పనిచేస్తుంది. వాటికి "క్లచ్ ఆయిల్ లీకు" అని ఎవరైనా అంటే ఆ మనిషికి కారు అప్పగించకపోవడం మంచిది.

ఇంకొక్క మాట. చాలా కార్లలో గేరు ఆయిల్‌కు కొలపుల్ల ఉండదు, కారు చదునుగా నిలిపి పక్కనున్న నింపే బిరడా విప్పితే నూనె ఆ రంధ్రం కింది అంచుదాకా ఉండాలి. ఖాళీ చేసే బిరడా కంటే ముందు ఈ నింపే బిరడా వస్తుందో లేదో చూడమని చెప్పండి. నూనె అంతా వదిలేశాక ఇది రాకపోతే కారు అక్కడే ఉండిపోతుంది. జీఎల్-4, జీఎల్-5 అనేవి గేరు ఆయిల్ రకాలు. జీఎల్-4 నూనె అడిగిన గేరుబాక్సులో "ఇంకా మంచిది" అంటూ జీఎల్-5 పోస్తే కొన్నిటిలో లోపలి ఇత్తడి రింగులు దెబ్బతింటాయి. కేవలం జాకీ మీద నిలిపిన కారు కిందికి మాత్రం ఎవరూ దూరవద్దు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకు వస్తుంది. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. అయితే బిల్లు వచ్చేది పని అయ్యాక. అంతకు ముందు రాసే జాబ్ కార్డులో "కారుతున్న ద్రవం ఏది, ఏ సీలు నుంచి, ఎలా నిర్ధారించారు" అని మూడు గడులు ఉండాలని వర్క్‌షాపుల యజమానులను, వారి సంఘాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా కారు విషయంలో ఆ మొదటి గడి నింపడానికి ఒక అట్టముక్క, ఒక రాత్రి సరిపోయాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి.